ఇంటర్ హాస్టల్లో తొలి నెలలు: కౌన్సెలింగ్ ఏం చేయగలదు, ఏం చేయలేదు

సంక్షిప్తంగా: పదో తరగతి అయ్యాక ఇల్లు, ఊరు, స్నేహితులు, నిద్ర వేళలు, చదువులో స్థానం అన్నీ ఒకే జూన్ నెలలో మారిపోతాయి. వీటిలో ఏ ఒక్కటైనా విడిగా వస్తే చాలామంది పిల్లలు తట్టుకుంటారు. అన్నీ కలిసి మీద పడినప్పుడే కుంగిపోతారు. ఆ మూటను విప్పి, ఒక్కో సమస్యను విడిగా చూపించడమే కౌన్సెలింగ్ చేసే పని. ఆ పనిని పరీక్షల ఫలితాలు వెలువడే నెలలో మొదలుపెడితే ఆలస్యమైనట్టే. చేరిన తొలి వారాల్లోనే మొదలవ్వాలి.

ఒకే మాటకు మూడు అర్థాలు

కౌన్సెలింగ్ అనే మాట తెలుగు ఇళ్లకు కొత్తదేమీ కాదు. చిక్కల్లా దానికి ఇప్పటికే రెండు అర్థాలు స్థిరపడి ఉండటం. మొదటిది సీట్ల కేటాయింపు. ఈఏపీసెట్ ర్యాంకు రాగానే "కౌన్సెలింగ్ ఎప్పుడు?" అని అడిగితే సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్ల గురించి అడిగినట్టు. రెండోది మందలింపు. తాగి బండి నడుపుతూ దొరికిన కుర్రాళ్లను అమ్మానాన్నలతో సహా పిలిపించి పోలీసులు నాలుగు మాటలు చెబితే, మర్నాడు పేపర్లో అది 'కౌన్సెలింగ్' అని వస్తుంది. కాలేజీకి వచ్చిన తండ్రి "మావాడికి కాస్త కౌన్సెలింగ్ ఇవ్వండి సార్" అన్నా భావం అదే. మీరు గట్టిగా చెబితే వింటాడని.

ఈ రెండో అర్థం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. క్లాసు మధ్యలో అటెండర్ వచ్చి "నిన్ను కౌన్సెలింగ్ మేడమ్ రమ్మంటున్నారు" అంటే పదహారేళ్ల అమ్మాయి ముందు అనుకునేది "నేనేం తప్పు చేశాను?" అనే. పక్క బెంచీ వాళ్లు ఇంకా ఏవేవో ఊహించుకుంటారు. సాయం కోసం పెట్టిన గది శిక్ష వేసే గదిలా కనిపించడం మొదలయ్యాక, నిజంగా అవసరమున్న పిల్లలు ఆ వైపు అడుగు వేయరు.

మానసిక ఆరోగ్య రంగంలో ఈ మాటకున్న అర్థం వేరు. శిక్షణ పొందిన మనిషి ఒకరు తప్పొప్పులు ఎంచకుండా వింటారు. ఎదుటివారు తమ కష్టాన్ని తామే విడమరిచి చూసుకునేలా, తర్వాత ఏం చేయాలో తామే తేల్చుకునేలా తోడుంటారు. అందులో సలహా ఉంటే ఉండొచ్చు గానీ ఉపన్యాసానికి చోటు లేదు.

జూన్‌లో ఏమేం మారుతుంది

పదో తరగతి నుంచి ఇంటర్‌కు వెళ్లడమంటే కాగితం మీద ఒక తరగతి పెరగడమే. హాస్టల్లో చేరే పిల్లలకు మాత్రం ఒక జీవితం ముగిసి ఇంకొకటి మొదలైనంత మార్పు. పల్లెటూరి హైస్కూల్లో చదువుకున్న అబ్బాయి విజయవాడ దగ్గరో హైదరాబాద్ శివార్లలోనో ఉన్న రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ తీసుకున్నాడనుకుందాం. ట్రంకు పెట్టె మంచం కిందికి, అమ్మ పెట్టిన ఆవకాయ సీసా గూట్లోకి చేరతాయి. గదిలో ఉన్నవాళ్లలో ఒక్కరూ తెలిసిన ముఖం కాదు. స్కూల్లో సార్ తెలుగులో నిదానంగా విడమరిచి చెప్పిన ఫిజిక్స్ ఇక్కడ ఇంగ్లిషులో పరుగులు తీస్తుంది. ఇంటికి ఫోన్ చేయాలంటే వార్డెన్ దగ్గర లైన్లో నిలబడాలి.

వీటన్నిటి పైన వీకెండ్ టెస్టు. మార్కుల లిస్టు నోటీసు బోర్డు మీద పెడతారు. ఊళ్లో 'ఎప్పుడూ ఫస్టు వచ్చే అబ్బాయి' తన పేరు కోసం లిస్టు పై నుంచి వెతకడం మొదలుపెట్టి, నలభయ్యో పేరు దగ్గర ఆగుతాడు. అతని తెలివి నెల రోజుల్లో తగ్గలేదు. మారింది చుట్టూ ఉన్న గుంపు. ఇక్కడ చేరిన ప్రతివాడూ ఏదో ఒక ఊళ్లో ఫస్టు వచ్చినవాడే. సామర్థ్యం అంతే ఉన్నా, తమకన్నా బాగా చదివేవారి మధ్య చేరినప్పుడు పిల్లలకు తమపై తమకున్న అంచనా పడిపోతుందని హెర్బర్ట్ మార్ష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల నుంచీ చూపిస్తూ వచ్చారు. ఈ సంగతి పిల్లాడికి తెలియదు. "నాకు చదువు రాదు" అనే అతనికి అర్థమవుతుంది. తల్లిదండ్రులు కూడా చాలాసార్లు అదే అనుకుంటారు.

ఇలాంటి మార్పుల్ని కౌమారంలో ఉన్నవాళ్లు ఎలా తట్టుకుంటారన్న ప్రశ్నకు 1970ల్లో బ్రిటన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ కోల్‌మన్ ఇచ్చిన జవాబు ఇప్పటికీ పనికొస్తుంది. పిల్లలు ఒక్కో వయసులో ఒక్కో సమస్య మీద దృష్టి పెట్టి, దాన్ని ఓ కొలిక్కి తెచ్చుకుని, ఆ తర్వాత ఇంకోదాని జోలికి వెళతారు. అందుకే ఎక్కువమంది పెద్ద గొడవ లేకుండానే ఆ వయసు దాటేస్తారు. అన్నీ ఒకేసారి వచ్చి పడినవాళ్లే ఇబ్బంది పడతారు. అమెరికాలోని మిల్వాకీ నగరంలో పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి రోబర్టా సిమ్మన్స్, డేల్ బ్లైత్ 1987లో ప్రచురించిన పరిశోధన కూడా ఈ మాటే చెప్పింది. స్కూలు మారడం, శరీరంలో మార్పులు, ఇల్లు మారడం వంటివి దగ్గర దగ్గరగా వచ్చిన కొద్దీ మార్కులూ, ఆత్మవిశ్వాసమూ తగ్గాయి. మనిషికి ఏదో ఒక చోటైనా ఊపిరి పీల్చుకునే వీలుండాలని, జీవితంలో ఒక మూలైనా మారకుండా ఉంటే మిగతా మార్పుల్ని భరించగలరని వారి వాదన.

ఈ కొలతతో చూస్తే మన దగ్గర పరిస్థితి స్పష్టంగా కనిపిస్తుంది. మండల కేంద్రంలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీకి బస్సులో వెళ్లొచ్చే అమ్మాయికి సిలబస్ మారుతుంది, లెక్చరర్లు మారతారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి అదే ఇల్లు, అదే వంట, అరుగు మీద అదే నానమ్మ. ఊపిరి పీల్చుకునే చోటు ఆమెకు రోజూ దొరుకుతుంది. గురుకులాల్లో అయిదో తరగతిలోనే చేరే పిల్లలకు ఆ ఎడబాటు ఇంకా చిన్న వయసులో వస్తుంది. కానీ వారికి అప్పటికి పోటీ పరీక్షల ఒత్తిడి ఉండదు, కలిసి పెరగడానికి ఏళ్ల సమయం ఉంటుంది. పదిహేనేళ్ల వయసులో నేరుగా జేఈఈ, నీట్ బ్యాచ్ హాస్టల్లో అడుగుపెట్టే వారికి ఆ సమయమూ లేదు, ఆ చోటూ లేదు.

వయసుకూ టైంటేబుల్‌కూ పొంతన లేదు

ఈ వయసులో పిల్లలకు నిద్ర ఆలస్యంగా పడుతుంది. దాన్ని బద్ధకం అనుకోవడం పొరపాటు. నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ హార్మోన్ యవ్వనారంభం నుంచి రాత్రి ఇంకాస్త పొద్దుపోయాక ఊరడం మొదలవుతుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. రాత్రి స్టడీ అవర్ పది దాటేదాకా నడిపి, తెల్లవారుజామున అయిదింటికి బెల్ కొట్టే హాస్టల్లో పడుకున్న మరుక్షణం నిద్ర పట్టినా ఏడు గంటలు కాదు. నిద్ర తక్కువైతే జ్ఞాపకశక్తి దెబ్బతింటుంది, చిన్న మాటకే కన్నీళ్లొస్తాయి, టెస్టు రోజు టెన్షన్ రెట్టింపవుతుంది. బెంగ అనిపించే లక్షణాల్లో కొంత భాగం కేవలం నిద్రలేమి.

ఇంకో వైరుధ్యం కూడా ఉంది. తన నిర్ణయాలు తాను తీసుకోవాలన్న కోరిక బలపడే వయసిది. సరిగ్గా అప్పుడే ఏ గంటలో ఏం చదవాలో, ఎప్పుడు స్నానం చేయాలో, ఎవరితో మాట్లాడాలో ఇంకొకరు నిర్ణయించే చోటికి పిల్లల్ని పంపుతున్నాం. వయసు అడిగేదానికీ విద్యాసంస్థ ఇచ్చేదానికీ పొంతన లేకపోతే చదువు మీద ఆసక్తి పడిపోతుందని మనస్తత్వ శాస్త్రవేత్త జాక్వెలిన్ ఎకిల్స్ బృందం 1990ల్లో అమెరికా మిడిల్ స్కూళ్ల విషయంలో చెప్పింది. మన రెసిడెన్షియల్ కాలేజీల్లో ఆ దూరం ఇంకా ఎక్కువ.

ఆదివారం ఫోన్

తల్లిదండ్రులు ఈ విషయంలో ఎక్కడ సాయపడగలరో, ఎక్కడ తెలియకుండానే బరువు పెంచుతారో ఒక ఫోన్ కాల్‌లో చూడొచ్చు. వెనక ఇంకో పదిమంది తమ వంతు కోసం నిలబడి ఉంటారు. వార్డెన్ పక్కనే ఉంటాడు. "తిన్నావా నాన్నా?" "ఆ." "టెస్టులో ఎన్నొచ్చాయి?" "తక్కువొచ్చాయి." "అదేంట్రా, అంత ఫీజు కట్టాం కదా, శ్రద్ధ పెట్టు." "సరే." అయిదు నిమిషాలు అయిపోతాయి. అమ్మానాన్నల మాటలో ప్రేమే ఉంది, భయం కూడా ఉంది. చాలా ఇళ్లలో ఆ ఫీజు అప్పు చేసి తెచ్చినదే. కానీ వారం మొత్తంలో ఇంటి నుంచి వచ్చిన ఒక్క గొంతూ మార్కుల గురించే అడిగితే, మారకుండా మిగిలిన ఆ ఒక్క మూల కూడా పరీక్ష హాలుగా మారిపోతుంది.

అదే అయిదు నిమిషాల్లో "గదిలో ఎవరెవరున్నారు, ఏ ఊరివాళ్లు?" అని అడగొచ్చు. గేదె ఈనిందనో, చెల్లి సైకిల్ నేర్చుకుందనో చెప్పొచ్చు. "ఇక్కడ ఉండలేను" అని పిల్లాడంటే "అలా అనకూడదు" అని మూసేయకుండా "ఏ వేళప్పుడు ఎక్కువగా అలా అనిపిస్తోంది?" అని అడగడం మరీ మంచిది. కౌన్సెలర్లు నేర్చుకునే నైపుణ్యాల్లో ఇది మొదటిది. ఏ డిగ్రీ లేకుండా ఇంట్లో కూడా పనిచేస్తుంది.

గది లోపల జరిగేది

ఒత్తిడిని అర్థం చేసుకోవడానికి మనస్తత్వ శాస్త్రవేత్తలు రిచర్డ్ లాజరస్, సూసన్ ఫోక్‌మన్ 1984లో ఇచ్చిన వివరణ కౌన్సెలింగ్‌కు పునాదుల్లో ఒకటి. ఏదైనా మార్పు ఎదురైనప్పుడు మనసు రెండు లెక్కలు వేస్తుంది. ఇది నాకు ప్రమాదమా? దీన్ని ఎదుర్కొనే శక్తి నా దగ్గరుందా? మొదటిదానికి అవును, రెండోదానికి లేదు అని జవాబొస్తే ఒత్తిడి. కౌన్సెలర్ ఈ రెండు జవాబుల్నీ పిల్లలతో కలిసి మళ్లీ పరిశీలిస్తారు. మార్చగలిగినవాటికి మార్గం వెతుకుతారు. మార్చలేనివాటిని, ఉదాహరణకు తండ్రి గల్ఫ్‌లో ఉండటం, తాతయ్య చనిపోవడం వంటివాటిని మోయడం నేర్పుతారు. కష్టంలో ఉన్నవారికి ఈ రెండూ కలగాపులగంగా కనిపిస్తాయి. విడదీయడమే సగం పని.

ఊహించి చెప్పే ఒక ఉదాహరణ. జులై చివర్లో ఓ అబ్బాయి వచ్చి "నాకు ఇక్కడ సెట్ కాదు, ఇంటికెళ్లిపోతా" అంటాడు. కౌన్సెలర్ వద్దని చెప్పరు, వెళ్లమనీ చెప్పరు. రోజులో ఏ వేళ ఎక్కువ కష్టంగా ఉందని అడుగుతారు. "రాత్రి స్టడీ అవర్లో." అప్పుడేం జరుగుతుంది? "కెమిస్ట్రీ అర్థం కాదు, తలెత్తి చూస్తే అందరూ రాసేస్తుంటారు." డౌట్ అడగొచ్చు కదా? చాలాసేపటి తర్వాత వస్తుంది అసలు మాట. "ఇంగ్లిషులో అడగడం రాదు, నవ్వుతారు." 'ఇక్కడ సెట్ కాదు' అన్న కొండ ఇప్పుడు 'డౌట్ అడగలేకపోతున్నా' అన్నంత అయింది. దానికి మార్గాలేమిటో అతనే చెబుతాడు: క్లాసు అయ్యాక సార్‌ని విడిగా తెలుగులో అడగడం, డౌట్ కాగితం మీద రాసి ఇవ్వడం, పక్క గదిలోని గుంటూరు అబ్బాయిని అడగడం. ఒకటి ఎంచుకుని మంగళవారం ప్రయత్నించి, శుక్రవారం వచ్చి ఏం జరిగిందో చెబుతాడు.

సమస్య, మార్గాలు, ఆచరణ అనే ఈ మూడు మెట్ల పద్ధతిని ఢిల్లీలోని ఆరు ప్రభుత్వ పాఠశాలల్లో 'ప్రైడ్' అనే పరిశోధన పరీక్షించింది. మూడు వారాల్లో నాలుగైదు చిన్న సమావేశాలు. నడిపింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన సామాన్య కౌన్సెలర్లు. 2020లో వచ్చిన ఫలితాల్లో పిల్లలు తామే చెప్పుకున్న సమస్యల తీవ్రత తగ్గింది. ఆరు వారాల దగ్గర మానసిక ఇబ్బందుల లక్షణాల మొత్తం కొలతలో మాత్రం స్పష్టమైన తేడా రాలేదు. ఈ రెండో సంగతినీ దాచకూడదు. క్లుప్తమైన కౌన్సెలింగ్ రోజువారీ చిక్కులకు పనికొస్తుంది, జబ్బుకు చికిత్స అవ్వదు.

'మొదట్లో ఇలా అనిపించడం మామూలే, తగ్గిపోతుంది' అన్న మాటకు కూడా విలువుంది. అయితే ఆ మాట పెద్దవాళ్లు చెబితే ఊరడింపులా వినిపిస్తుంది, ఏడాది ముందు చేరిన సీనియర్ చెబితే సాక్ష్యంలా వినిపిస్తుంది. అమెరికాలో గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ తొలి ఏడాది విద్యార్థులకు సీనియర్ల ఇలాంటి అనుభవాలు చదివించారు. ఒక్క గంట కార్యక్రమం. తమకిక్కడ చోటు లేదేమోనన్న సందేహం ఎక్కువగా ఉండే నల్లజాతి విద్యార్థుల మార్కులు ఆ తర్వాత మూడేళ్ల పాటు మెరుగ్గా ఉన్నాయి.

ఎవరు చేయాలి, ఎంత గుట్టుగా

చాలా కాలేజీల్లో కౌన్సెలర్ అనే బోర్డు కింద కూర్చునేది ఏదో సబ్జెక్టు లెక్చరరో, వైస్ ప్రిన్సిపాలో. ఇది ఖర్చు తగ్గించే ఏర్పాటు, కానీ పనిచేసే ఏర్పాటు కాదు. బీహార్‌లోని నలందా జిల్లాలో 'సెహెర్' పేరుతో జరిగిన పరిశోధన ఈ విషయాన్ని నేరుగా పోల్చి చూసింది. ఒకే కార్యక్రమాన్ని కొన్ని స్కూళ్లలో టీచర్ల చేత, కొన్నింటిలో బయటి నుంచి తీసుకున్న సామాన్య కౌన్సెలర్ల చేత చేయించారు. 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం కౌన్సెలర్లు నడిపిన స్కూళ్లలో వాతావరణం బాగుపడింది, కుంగుబాటు, వేధింపులు తగ్గాయి. టీచర్లు నడిపినచోట చెప్పుకోదగ్గ మార్పు లేదు. టీచర్లు చెడ్డవారని దీనర్థం కాదు. వారికి తీరిక లేదు. పైగా మార్కులు వేసే చేతికి మనసు విప్పి చూపడం ఏ పిల్లలకైనా కష్టం.

గుట్టు ఇంకో కీలకం. గదిలో చెప్పిన మాట సాయంత్రానికి స్టాఫ్ రూమ్‌కు చేరితే ఆ గది తలుపు మళ్లీ ఎవరూ తట్టరు. అలాగని అన్నీ దాచిపెడతామని మాట ఇవ్వడమూ తప్పే. ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే ఇంట్లోవారికి చెప్పాలి. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి. మంచి కౌన్సెలర్ ఈ హద్దుల్ని మొదటి రోజే చెబుతారు.

కోర్టు ఏం చెప్పింది

కార్పొరేట్ కాలేజీల్లో ఒత్తిడి గురించి తెలుగు నేల మీద చర్చ కొత్తది కాదు. 2001లో ప్రొఫెసర్ నీరదారెడ్డి కమిటీ, 2017లో ప్రొఫెసర్ చక్రపాణి కమిటీ దీన్ని పరిశీలించాయి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నప్పుడు రాష్ట్రమంతా కదిలిపోయింది. దేశవ్యాప్తంగా 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క.

విశాఖపట్నంలో ఉండి నీట్‌కు సిద్ధమవుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పిస్తూ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. చట్టం వచ్చేదాకా స్కూళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నీ వీటిని పాటించాలి. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలి. అంతకన్నా చిన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం వీలైనంత వరకు మానుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.

అన్నిటిలో ఈ వ్యాసానికి సంబంధించిన వాక్యం ఇంకొకటి ఉంది. పరీక్షల సమయంలోనూ, విద్యార్థులు ఒక దశ నుంచి ఇంకో దశకు మారే సమయంలోనూ చిన్న చిన్న గుంపులకు ప్రత్యేకంగా మెంటర్‌నో కౌన్సెలర్‌నో కేటాయించాలని కోర్టు చెప్పింది. మార్పు జరిగే కాలమే ప్రమాదకాలం అన్న గుర్తింపు ఇందులో ఉంది. కానీ అమలులో తేలిగ్గా దాటేయగలిగేది కూడా ఇదే. ఒక కౌన్సెలర్ పేరు రిజిస్టర్‌లో చూపించడం సులువు. జూన్, జులై నెలల్లో ఫస్టియర్ పిల్లల కోసం ఆ మనిషి సమయాన్ని పక్కన పెట్టడం యాజమాన్యానికి ఇష్టముంటేనే అవుతుంది.

కౌన్సెలింగ్‌తో తీరనివి

నోటీసు బోర్డు మీద ర్యాంకుల లిస్టు అలాగే ఉంచి, ఆరు గంటల నిద్ర అలాగే ఉంచి, పక్క గదిలో కౌన్సెలర్‌ని కూర్చోబెడితే జరిగేది పిల్లల్ని ఆ టైంటేబుల్‌కు సర్దుకునేలా చేయడం మాత్రమే. తప్పు ఏర్పాటులో ఉన్నప్పుడు సర్దుకోలేని పిల్లల్ని బలహీనులనడం న్యాయం కాదు. కౌన్సెలర్ తాను విన్నవాటిలోంచి, పేర్లు బయటపెట్టకుండా, "రాత్రి స్టడీ అవర్ గురించి ఇరవై మంది చెప్పారు" అని ప్రిన్సిపాల్‌కు చెప్పగలిగే వీలుంటేనే ఆ ఉద్యోగానికి అర్థం.

ఇంకోవైపు, కొన్ని పరిస్థితులకు మాట సాయం సరిపోదు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి చెడిపోవడం, ఇష్టమైన వాటి మీద కూడా మనసు పోకపోవడం, అందరికీ దూరంగా ఉండటం, "నేను లేకపోతే మీకే సుఖం" లాంటి మాటలు, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం కనిపిస్తే సైకియాట్రిస్టుకు చూపించాలి. చివరి రెండిట్లో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్న భయం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. అడిగితే చెప్పుకునే దారి దొరుకుతుంది. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. పద్దెనిమిదేళ్ల లోపు వారికి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. టెలి మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో అందరికీ కనిపించేలా పెట్టాలన్నదీ సుప్రీంకోర్టు మార్గదర్శకాల్లో ఒకటి. ఫోన్ లేని హాస్టల్లో ఆ నంబరుకు ఎలా ఫోన్ చేయాలన్నది మాత్రం యాజమాన్యాలు విడిగా తేల్చాల్సిన సంగతి. వార్డెన్ పక్కన నిలబడి మాట్లాడే ఫోన్ దీనికి పనికిరాదు.

దసరా తర్వాతి సాయంత్రం

జూన్‌లో పడిన బెంగ చాలామందిలో దసరా నాటికి తగ్గుతుంది. గదిలో ఇద్దరు స్నేహితులు కుదురుతారు, ఇంగ్లిషు చెవికి అలవాటవుతుంది. కానీ దసరా సెలవులకు ఇంటికెళ్లి పది రోజులు అమ్మ చేతి అన్నం తిని, మధ్యాహ్నం దాకా నిద్రపోయి, తిరిగి బస్సెక్కే రోజు మళ్లీ కడుపులో దేవినట్టు ఉంటుంది. తల్లిదండ్రులు "సర్దుకున్నాడనుకున్నాం, మళ్లీ మొదలైంది" అని కంగారు పడేది అప్పుడే. ఇది వెనక్కి పడిపోవడం కాదు. ఎడబాటు రెండోసారి రావడం, అంతే. మొదటిసారి కన్నా త్వరగా తగ్గుతుంది కూడా. ఆ సంగతి పిల్లలకు, ఇంట్లోవారికి సెలవులకు ముందే చెప్పి, తిరిగొచ్చిన సాయంత్రం స్టడీ అవర్ పెట్టకుండా, ఆ రెండు గంటలు పిల్లల్ని ఇంటి నుంచి తెచ్చిన అరిసెల డబ్బాలు విప్పుకుని కూర్చోనిస్తే, కౌన్సెలర్ కూడా వాళ్ల మధ్యే ఓ మంచం అంచున కూర్చుంటే, ఆ వారం తలుపు తట్టాల్సిన వాళ్లలో కొందరు అక్కడే నోరు విప్పుతారు.